రిటైరైన జెట్ ట్రైనర్లు.. సివిలియన్ పైలట్ల చేతిలో విన్యాసాలు: ఎయిర్ షోల్లో అసలు రిస్క్ ఎవరి నెత్తిన?

ఏడు జెట్లు. రెక్కకు రెక్క కొన్ని మీటర్ల దూరం. వెనక తెల్లటి పొగ చారలు. వీడియో చూసిన ఎవరైనా ఇది ఏదో దేశపు ఎయిర్‌ఫోర్స్ టీమే అనుకుంటారు. కానీ కాదు. ఫ్రాన్స్‌లోని డిజాన్ కేంద్రంగా 2003 నుంచి 2019 దాకా ఎగిరిన బ్రైట్‌లింగ్ జెట్ టీమ్ వెనక ఉన్నది ఒక స్విస్ వాచీల కంపెనీ. విమానాలు మాత్రం ఒకప్పుడు సైన్యానికి పనిచేసినవే.. చెకొస్లొవేకియా తయారీ ఎల్-39 అల్బట్రోస్ జెట్ ట్రైనర్లు. నడిపింది సివిల్ టీమ్. లీడర్ జాక్ బొతెలాన్. పైలట్లలో ఎక్కువ మంది ఫ్రెంచ్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి వచ్చినవాళ్లు.

ఇలాంటి టీమ్ అదొక్కటే కాదు. లాత్వియాలో బాల్టిక్ బీస్, అమెరికాలోని కాలిఫోర్నియాలో పేట్రియట్స్ జెట్ టీమ్ కూడా ఎల్-39ల మీదే విన్యాసాలు చేస్తున్నాయి. ఇవి కాక ఒక్కో విమానం కొనుక్కుని, సెలవు రోజుల్లో ఎయిర్ షోలకు వెళ్లే పైలట్లు అమెరికాలో, బ్రిటన్‌లో, ఫ్రాన్స్‌లో చాలామందే ఉన్నారు. వీళ్ల వీడియోలు ఫోన్లలో నిమిషానికొకటి కనిపిస్తూనే ఉంటాయి. చూడ్డానికి అదుర్స్. అయితే ఆ వీడియోలో ఫ్రేమ్ బయట ఏముంది అన్నదే అసలు ప్రశ్న. కింద ఉన్న రోడ్డు, పక్కనున్న అపార్ట్‌మెంట్లు, ఆ టైమ్‌కి అటుగా వెళ్తున్న మనుషులు..

మిలటరీ జెట్ ప్రైవేట్ వ్యక్తి చేతికి ఎలా వస్తుంది?

ఫైటర్ జెట్‌కీ జెట్ ట్రైనర్‌కీ తేడా ఉంది. ట్రైనర్ అంటే కుర్ర పైలట్‌కు పాఠం చెప్పే విమానం. ముందు సీట్లో శిష్యుడు, వెనక సీట్లో గురువు. తప్పు చేసినా కొంతవరకు ఓర్చుకునేలా దీన్ని డిజైన్ చేస్తారు. సాధారణంగా ఒకటే ఇంజిన్, రిపేర్లు తేలిక, విడిభాగాలు దొరుకుతాయి. ఎల్-39 మొదటిసారి ఎగిరింది 1968 నవంబర్‌లో. సోవియట్ కూటమి దేశాలన్నింటికీ దాదాపు ఇదే పాఠశాల. 2,800కు పైగా తయారయ్యాయి. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ దేశాల ఎయిర్‌ఫోర్స్‌లకు అన్ని విమానాలు అక్కర్లేదు, వాటికి పోసే ఇంధనానికి డబ్బూ లేదు. అలా వందల కొద్దీ జెట్లు పశ్చిమ దేశాల మార్కెట్లోకి వచ్చాయి. కొత్త బిజినెస్ జెట్ ధరతో పోలిస్తే వీటి ధర చాలా తక్కువ. కొనడం తేలిక. మేపడమే కష్టం.

బ్రిటన్‌లో ఇదే దారిలో జెట్ ప్రొవోస్ట్, స్ట్రైక్‌మాస్టర్, రెండు సీట్ల హంటర్, నాట్ వంటివి ప్రైవేట్ చేతుల్లోకి వెళ్లాయి. ఫ్రాన్స్‌లో ఫూగా మజిస్టర్. ఇందులో నాట్ పేరు మన దేశంలో కొత్తది కాదు. 1965, 1971 యుద్ధాల్లో పాకిస్థాన్ సేబర్ జెట్లను ఎదుర్కొన్న బుల్లి ఫైటర్ అదే. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో లైసెన్స్ మీద తయారైంది. 1971లో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ శ్రీనగర్ మీద నాట్‌తోనే పోరాడి ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందారు. దాని రెండు సీట్ల రూపాన్ని బ్రిటన్ శిక్షణకు వాడుకుంది. రెడ్ యారోస్ టీమ్ 1979 దాకా ఎర్ర రంగు వేసి ఎగరేసింది కూడా ఈ నాట్‌నే. రిటైరయ్యాక వాటిలో కొన్ని ప్రైవేట్ ట్రస్టులకు చేరాయి.

అమెరికాలో ఇలాంటి విమానాన్ని ‘ఎక్స్‌పెరిమెంటల్ - ఎగ్జిబిషన్’ కేటగిరీలో రిజిస్టర్ చేస్తారు. అంటే టికెట్ అమ్మి ప్రయాణికులను తిప్పడానికి కాదు.. ప్రదర్శనకు, ప్రాక్టీస్‌కు మాత్రమే. పైలట్ దగ్గర మామూలు లైసెన్స్ ఉంటే చాలదు, ఆ మోడల్ నడపడానికి విడిగా పరీక్ష పాసై అనుమతి పొందాలి. ఇక షోలో తక్కువ ఎత్తులో విన్యాసాలు చేయాలంటే ఇంకో కార్డు కావాలి. మొదట 800 అడుగుల కంటే కిందికి రాకూడదన్న షరతుతో ఇస్తారు. అనుభవాన్ని బట్టి 500, 250 అడుగులు.. చివరికి నేల దాకా అనుమతి. బ్రిటన్‌లోనూ దాదాపు ఇలాంటి డిస్‌ప్లే అనుమతి పద్ధతే ఉంది. పైలట్‌ను పరీక్షించేది ఎవరంటే.. రెండు చోట్లా ఎక్కువగా తోటి డిస్‌ప్లే పైలట్లే. ఈ విద్య తెలిసినవాళ్లే పరీక్షించాలన్నది నిజమే. కానీ పరీక్షించేవాళ్లూ, పరీక్ష రాసేవాళ్లూ ఒకే చిన్న సర్కిల్‌లో స్నేహితులైతే ఏమవుతుందన్న అనుమానం కూడా న్యాయమైనదే.

జెట్‌తో లూప్ అంటే మాటలు కాదు

చిన్న ప్రొపెల్లర్ విమానం లూప్ కొట్టడానికీ, జెట్ లూప్ కొట్టడానికీ పోలికే లేదు. కారణం సింపుల్. బైక్ మీద 20 స్పీడ్‌లో యూటర్న్ తీసుకున్నంత చోటులో 80 స్పీడ్‌తో తిరగలేం. విమానానికీ అంతే. మలుపులో అంతే జీ ఫోర్స్ ఉంచి వేగాన్ని రెట్టింపు చేస్తే, తిరగడానికి కావాల్సిన వ్యాసార్థం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే జెట్ లూప్ నిలువునా కిలోమీటరు దాకా ఆకాశాన్ని మింగేస్తుంది.

పైకి లేచేటప్పుడు వేగం కరిగి ఎత్తుగా మారుతుంది. శిఖరం మీద విమానం తలకిందులుగా, చాలా నెమ్మదిగా ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దిగి మళ్లీ నేలకు సమాంతరంగా రావాలంటే చేతిలో తగినంత ఎత్తు ఉండి తీరాలి. అందుకే శిఖరం దగ్గర ఒక ‘గేటు ఎత్తు’ పెట్టుకుంటారు. ఆల్టీమీటర్‌లో ఆ అంకె కనిపిస్తేనే లూప్ పూర్తి చేయాలి. కనిపించకపోతే పక్కకు ఒరిగి బయటపడాలి. దీనికి పట్టే టైమ్ రెండు మూడు సెకన్లు. ఆ సెకన్లలో తలకిందులుగా ఉన్న మనిషి అంకె చూడాలి, అది సరైన అంకేనా అని గుర్తు తెచ్చుకోవాలి, నిర్ణయం తీసుకోవాలి.

పాత జెట్ ఇంజిన్‌తో ఇంకో చిక్కు. థ్రాటిల్ తోసిన వెంటనే పూర్తి శక్తి రాదు. టర్బైన్ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి చివరి క్షణంలో ‘పవర్ కొట్టి లేచిపోదాం’ అన్న ఆశ ఈ విమానాల్లో పనిచేయదు. పవర్ ముందే ఉండాలి.

2015 ఆగస్టు 22.. షోర్‌హమ్‌లో ఏం జరిగింది?

ఈ లెక్కంతా ఎంత నిర్దయగా ఉంటుందో బ్రిటన్‌కు ఆ శనివారం తెలిసింది. దక్షిణ తీరంలోని షోర్‌హమ్ ఎయిర్‌పోర్ట్‌లో వార్షిక ఎయిర్ షో. 1950ల నాటి హాకర్ హంటర్ టీ7.. అంటే రెండు సీట్ల జెట్ ట్రైనర్. నడుపుతున్నది ఒకప్పుడు రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో హారియర్లు నడిపి, తర్వాత ఎయిర్‌లైన్ పైలట్‌గా పనిచేసిన వ్యక్తి. వేల గంటల అనుభవం. అందులో హంటర్ మీద గడిపిన గంటలు మాత్రం చాలా చిన్న భాగం.

ఆయన వంగిన లూప్ మొదలుపెట్టారు. దానికి 350 నాట్ల వేగం కావాలి, అంటే గంటకు సుమారు 650 కిలోమీటర్లు. బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ లెక్క ప్రకారం విమానం పైకి లేచింది దాదాపు 310 నాట్లతో. ఇంజిన్ కూడా పూర్తి శక్తితో లేదు. శిఖరం దగ్గర 3,500 అడుగులు ఉండాల్సిన ఎత్తు సుమారు 2,700 అడుగులే ఉంది. 800 అడుగులు తక్కువ. అయినా లూప్ కొనసాగింది. దిగువకు వచ్చేసరికి నేల ముందే వచ్చేసింది. విమానం ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న ఏ27 హైవే మీద కూలి నిప్పుల బంతిగా మారింది.

రోడ్డు మీద ఉన్న 11 మంది చనిపోయారు. పైలట్ తీవ్ర గాయాలతో బతికారు.

చనిపోయినవాళ్లు ఎవరన్నది ఇక్కడ కీలకం. మ్యాచ్ ఆడటానికి కారులో వెళ్తున్న ఇద్దరు కుర్ర ఫుట్‌బాల్ ఆటగాళ్లు. పెళ్లికూతుర్ని తీసుకురావడానికి అలంకరించిన కారుతో బయల్దేరిన డ్రైవర్. బైకర్లు, సైక్లిస్టులు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర, రోడ్డు పక్కన ఉన్నవాళ్లు. ఎయిర్‌ఫీల్డ్ లోపల టికెట్ కొనుక్కుని కూర్చున్న వేలాది మందిలో ఒక్కరూ చనిపోలేదు. షోతో సంబంధం లేకుండా తమ పని మీద తాము పోతున్నవాళ్లు కూడా బలైపోయారు.

బ్రిటన్ ఎయిర్ షోల్లో సామాన్య జనం చనిపోవడం 1952 తర్వాత అదే మొదటిసారి. ఆ ఏడాది ఫార్న్‌బరోలో డీహెచ్-110 జెట్ గాల్లోనే ముక్కలై ఇంజిన్లు జనం మీద పడ్డాయి. 29 మంది ప్రేక్షకులు, విమానంలోని ఇద్దరు మరణించారు. అప్పటి నుంచి నిబంధనల దృష్టి అంతా ఒకదాని మీదే.. ప్రేక్షకుల గ్యాలరీకీ విమానానికీ మధ్య దూరం. 1988 ఆగస్టు 28న జర్మనీలోని రామ్‌స్టైన్ ఆ దృష్టిని ఇంకా గట్టి చేసింది. ఇటలీ ఎయిర్‌ఫోర్స్ టీమ్ ఫ్రెచ్చే త్రికొలోరి, ఎంబీ-339 జెట్ ట్రైనర్లతో గాల్లో హృదయాకారం గీస్తుండగా మూడు విమానాలు ఢీకొన్నాయి. ఒకటి నేరుగా జనంలోకి దూసుకొచ్చింది. 70 మంది చనిపోయారు. ఆ తర్వాత విమానం ప్రేక్షకుల వైపు ముక్కు పెట్టి విన్యాసం చేయడాన్ని పశ్చిమ దేశాల్లో కట్టడి చేశారు. అమెరికాలో వేగమైన జెట్లు ప్రేక్షకులకు కనీసం 1,500 అడుగుల అవతలే తిరగాలి. విన్యాసాలు జరిగే ‘బాక్స్’ కింద షోతో సంబంధం లేని మనుషులు ఉండకూడదు.

బాగానే ఉంది. కానీ ఈ లెక్క కంచె లోపలి వాళ్లను కాపాడేది. విమానం అదుపు తప్పితే గీసిన బాక్స్‌ను అది గౌరవించదు. షోర్‌హమ్‌లో నిబంధనల ప్రకారం ప్రేక్షకులు సేఫ్. ఎయిర్‌పోర్ట్‌ను ఆనుకుని వెళ్లే రద్దీ హైవేను ఎవరూ ప్రేక్షకుల గ్యాలరీ అనుకోలేదు.

కోర్టులో ఒక మాట.. ఇన్‌క్వెస్ట్‌లో ఒక మాట

పైలట్‌పై 11 మంది మరణాలకు సంబంధించి తీవ్ర నిర్లక్ష్యం అభియోగాలు మోపారు. జీ ఫోర్స్ వల్ల ఆ క్షణంలో ఆలోచనా శక్తి దెబ్బతిని ఉండొచ్చన్నది డిఫెన్స్ వాదన. 2019 మార్చిలో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు జ్యూరీ ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. 2022 డిసెంబర్‌లో కరోనర్ విచారణ మాత్రం అవి చట్టవిరుద్ధ మరణాలని తేల్చింది. రెండింటి మధ్య వైరుధ్యం కనిపిస్తుంది గానీ, క్రిమినల్ కోర్టులో రుజువుకు కావాల్సిన స్థాయి వేరు, ఇన్‌క్వెస్ట్‌లో వేరు. కుటుంబాలు మాత్రం ఈ రెండు మాటలూ వినేసరికి ప్రమాదం జరిగి ఏడేళ్లు గడిచిపోయాయి.

శిక్ష సంగతి పక్కన పెడితే, దర్యాప్తు నివేదికలో అసలు ఆలోచించాల్సిన పాయింట్ ఇంకోటుంది. శిఖరం దాటాక కూడా నాలుగు సెకన్ల దాకా ఆ విమానాన్ని పక్కకు ఒరిగించి బయటపడే వీలుందని టెస్ట్ ఫ్లైట్లలో తేలింది. మరి ఎందుకు చేయలేదు? అంత తక్కువ వేగంలో హంటర్‌తో అలా తప్పించుకునే విన్యాసాన్ని పైలట్ ప్రాక్టీస్ చేసిన దాఖలా లేదు. పైలట్ ఎత్తును తప్పుగా చదివి ఉండొచ్చు. లేదా తాను నడిపే మరో విమానం తాలూకు అంకెను గుర్తు తెచ్చుకుని ఉండొచ్చని కూడా దర్యాప్తు అధికారులు భావించారు. ఆయన జెట్ ప్రొవోస్ట్ కూడా నడిపేవారు. దానికి గేటు ఎత్తు వేరు, హంటర్‌కు వేరు.

సివిలియన్ డిస్‌ప్లే ఫ్లయింగ్‌లో బలహీనమైన జాయింట్ ఇదే. చేతి నైపుణ్యం తక్కువై కాదు. మాజీ మిలటరీ పైలట్ల చేయి గొప్పదే. సమస్య వారం క్యాలెండర్‌లో ఉంది. ఎయిర్‌ఫోర్స్ టీమ్‌లో పైలట్‌కు ఇదే ఉద్యోగం. ఒకే రకం విమానం, సీజన్ మొత్తం దాదాపు రోజూ ఎగరడం. కింద నిలబడి ఒక సీనియర్ చూస్తుంటాడు, దిగాక వీడియో పెట్టి తప్పులు ఎండగడతారు. ‘ఇవాళ నువ్వు వద్దు’ అని చెప్పే అధికారం ఇంకొకరి చేతిలో ఉంటుంది. సొంత జెట్ ఉన్న పైలట్‌కు ఇవేవీ గ్యారంటీ లేవు. వారమంతా ప్యాసింజర్ విమానమో, బిజినెస్సో. శనివారం ఒక జెట్, ఆపై శనివారం ఇంకో జెట్. ప్రాక్టీస్ చేయాలంటే జేబులోంచి ఇంధనం పోయాలి. ఈ జెట్లు గంటకు వందల లీటర్లు తాగుతాయి. ఖర్చు తగ్గించాలంటే ముందు కోతపడేది ప్రాక్టీస్ గంటలకే. అది బయటికి కనిపించదు. షోలో విమానం మెరుస్తూనే ఉంటుంది.

బ్రైట్‌లింగ్, బాల్టిక్ బీస్ వంటి టీమ్‌లు ఈ విషయంలో వేరు. ఒకే మోడల్, ఒకే బృందం, ఒక లీడర్, కలిసి రిహార్సల్. మిలటరీ పద్ధతినే సివిల్ దుస్తుల్లో నడిపిస్తాయి. వాటికి ఉన్న గండం డబ్బు. 2019లో బ్రైట్‌లింగ్ స్పాన్సర్‌షిప్ ఆగిపోయింది, 16 ఏళ్లు ఎగిరిన టీమ్ అదే ఏడాది ముగిసింది. స్పాన్సర్ ఉన్నంత కాలమే క్రమశిక్షణకు డబ్బు. ఇది మరీ కఠినంగా అనిపించొచ్చు గానీ, ఆకాశంలో సేఫ్టీ అనేది చివరికి ఇంధనం బిల్లు దగ్గరే తేలుతుంది.

నిషేధం విధిస్తే సరిపోతుందా?

షోర్‌హమ్ తర్వాత బ్రిటన్ విమానయాన సంస్థ సీఏఏ హంటర్లను నేల మీదే ఆపేసింది. నేల మీదుగా వింటేజ్ జెట్ల భారీ విన్యాసాలను ఆపి, వాటిని మామూలు ఫ్లైపాస్ట్‌కే పరిమితం చేసింది. తర్వాత షో ఫీజులు పెంచింది, రిస్క్ అంచనా పత్రాలు కఠినం చేసింది. చిన్న షోల నిర్వాహకులు గగ్గోలు పెట్టారు. షోర్‌హమ్ షో మళ్లీ జరగలేదు. ఆ ప్రమాదానికి సరిగ్గా మూడు వారాల ముందు, ఆగస్టు 1న ఔల్టన్ పార్క్‌లో జరిగిన కార్‌ఫెస్ట్‌లో ఒక నాట్ జెట్ కూలి పైలట్ మరణించారు. ఆ రోజు కింద ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి వార్త రెండ్రోజుల్లో చల్లబడింది. రెండు ప్రమాదాల్లోనూ పాత జెట్ ట్రైనర్లే, తక్కువ ఎత్తు విన్యాసాలే. తేడా కింద ఏముందన్నదే.

ఈ ‘కింద ఏముంది’ అన్న ప్రశ్నకు ఫ్రాన్స్‌లో ఇటీవలే ఒక జవాబు దొరికింది. 2024 ఆగస్టు 16న మధ్యధరా తీరంలోని లె లావాందు దగ్గర, రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనలు ప్రోవాన్స్‌లో దిగిన 80వ వార్షికోత్సవ వేడుకల్లో ఒక ప్రైవేట్ ఫూగా మజిస్టర్ కూలిపోయింది. ఒకప్పుడు ఫ్రెంచ్ ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల టీమ్ వాడిన మోడలే. పైలట్ చనిపోయారు. ఫూగాలో ఎజెక్షన్ సీటు ఉండదు. తీరం మీద జనం చూస్తూనే ఉన్నారు. కానీ విమానం పడింది సముద్రంలో. ఒడ్డున ఎవరికీ గాయాలు కాలేదు.

ఎజెక్షన్ సీటు ఉంటే పైలట్ బతికేవాడు కదా అనిపిస్తుంది. నిజమే, కానీ అక్కడా మెలిక ఉంది. ఆ సీటులో పేలుడు పదార్థాలుంటాయి, వాటికి గడువు తేదీ ఉంటుంది, మార్చడం ఖరీదైన పని. అందుకే అమెరికాలో చాలా ఎల్-39ల్లో సీట్లను పనిచేయకుండా డిజేబుల్ చేసి నడుపుతున్నారు. ఎల్-39 సీటు పనిచేసే స్థితిలో ఉన్నా, నేల మట్టంలో అది కాపాడాలంటే విమానం కనీసం గంటకు 150 కిలోమీటర్ల వేగంలో ఉండాలి. ఇక పైలట్ దూకేశాక విమానం సంగతి? 2023 ఆగస్టులో అమెరికాలోని మిషిగన్‌లో థండర్ ఓవర్ మిషిగన్ షోలో ప్రైవేట్ మిగ్-23.. అది కూడా రెండు సీట్ల ట్రైనర్ రకమే.. శక్తి కోల్పోయింది. ఇద్దరూ ఎజెక్ట్ అయి ఒక చెరువులో పడి బతికారు. ఖాళీ విమానం ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ పార్కింగ్‌లో కూలి కార్లను ధ్వంసం చేసింది. ఆ టైమ్‌కి ఆ కార్లలో ఎవరూ లేరు. దాన్ని అదృష్టం అనాలి తప్ప ప్లానింగ్ అనలేం.

‘సివిలియన్లు కాబట్టే ప్రమాదాలు’ అనేవాళ్లకూ ఇక్కడ ఆధారం బలంగా లేదు. రామ్‌స్టైన్‌లో ఢీకొన్నది ఎయిర్‌ఫోర్స్ టీమ్. 2019 ఫిబ్రవరి 19న బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా ముందురోజు రిహార్సల్‌లో ఢీకొన్న రెండు హాక్ జెట్లు మన ఎయిర్‌ఫోర్స్ సూర్యకిరణ్ టీమ్‌వి. ఒక పైలట్ మరణించారు, ఇద్దరు ఎజెక్ట్ అయి బతికారు. ఎంత ప్రాక్టీస్ ఉన్నా రిస్క్ సున్నా కాదు. అలాంటప్పుడు ప్రాక్టీస్ తక్కువున్న చోట, రిస్క్ పడే చోటును ఇంకా జాగ్రత్తగా ఎంచుకోవాలి కదా? సివిల్ టీమ్‌ల మీద అడగాల్సిన ప్రశ్న లైసెన్స్ ఉందా లేదా అని కాదు. ఈ నెలలో, ఈ విమానంలో, ఈ విన్యాసం ఎన్నిసార్లు చేశావు? తప్పితే బయటపడే దారి రిహార్సల్ చేశావా? ఇవి అడిగే అధికారం, కాదంటే ఆపే అధికారం షో డైరెక్టర్‌కు ఉందా?

హైదరాబాద్‌కు ఈ కథ కొత్తేమీ కాదు

మన దేశంలో జెట్ విన్యాసాలంటే ఇప్పటికీ సైన్యం పనే. హైదరాబాద్‌కు మాత్రం జెట్ ట్రైనర్లతో విడదీయలేని బంధం ఉంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, హకీంపేట.. తరాల తరబడి పైలట్లు జెట్ పాఠాలు నేర్చుకున్నది ఇక్కడే, హెచ్‌ఏఎల్ తయారీ కిరణ్ ట్రైనర్ల మీద. సూర్యకిరణ్ టీమ్‌కు ఆ పేరు వచ్చిందీ ఆ విమానం నుంచే. 1996లో ఏర్పడిన ఆ టీమ్ బీదర్ నుంచి కిరణ్ మార్క్-2లతో ఎగిరి, తర్వాత హాక్‌లకు మారింది.

2010 మార్చి 3న బేగంపేటలో ఇండియా ఏవియేషన్ షో మొదలైన రోజు. నేవీకి చెందిన సాగర్ పవన్ టీమ్ కిరణ్ జెట్లతో విన్యాసాలు చేస్తోంది. ఒక జెట్ పైకి లేవలేకపోయింది. బోయిన్‌పల్లిలో ఇళ్ల మధ్య కూలింది. ఇద్దరు నేవీ పైలట్లు, కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ప్రాణాలు కోల్పోయారు. కింద కొందరు గాయపడ్డారు. షోర్‌హమ్‌కు అయిదేళ్ల ముందే, అదే బొమ్మ. ఎయిర్‌ఫీల్డ్ లోపలి ప్రేక్షకులు క్షేమం. విమానం పడింది బయట, షోకు రాని వాళ్ల ఇళ్ల మీద.

బేగంపేట ఎయిర్‌పోర్ట్ కట్టినప్పుడు చుట్టూ ఊరు లేదు. ఇప్పుడు రన్‌వే రెండు చివర్లా నగరమే. వింగ్స్ ఇండియా పేరుతో ఏవియేషన్ షో అక్కడే జరుగుతోంది. 2024 డిసెంబర్‌లో సూర్యకిరణ్ జెట్లు హుస్సేన్‌సాగర్ మీద విన్యాసాలు చేశాయి. కింద నీళ్లు ఉండటం మంచిదే. కానీ ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్ మీద జనం, దాటితే సెక్రటేరియట్, లక్డీకాపూల్. కిలోమీటరు వ్యాసంతో తిరిగే జెట్‌కు హుస్సేన్‌సాగర్ పెద్ద చెరువేం కాదు. విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలకు ఆ ఇబ్బంది తక్కువ. అక్కడ జెట్ల కింద ఉన్నది సముద్రం.

రేపు ఏ విదేశీ సివిల్ జెట్ టీమో బేగంపేటకు వస్తానంటే, జనం ఎగబడి చూస్తారు. స్పాన్సర్లూ దొరుకుతారు. అప్పుడు నిర్వాహకులు ముందుగా టేబుల్ మీద పరచాల్సింది గ్యాలరీ సీటింగ్ ప్లాన్ కాదు, బోయిన్‌పల్లి, సికింద్రాబాద్, అమీర్‌పేట్ మ్యాప్. ఏ రోడ్డు ఎన్ని నిమిషాలు ఆపాలి, విన్యాసం తప్పితే పైలట్ ఎటు ఒరగాలి, అటువైపు ఏముంది.. షోర్‌హమ్‌లో ఏ27 మీద ట్రాఫిక్‌ను ఆ 20 నిమిషాలు ఆపి ఉంటే లెక్క వేరేలా ఉండేది.

ఇక మన కిరణ్‌లకు అమెరికా మార్గం లేదు. అక్కడైతే రిటైరైన ట్రైనర్‌కు కొత్త రిజిస్ట్రేషన్ నంబర్ వేసి, కొత్త రంగు కొట్టి మళ్లీ ఎగరేస్తారు. ఇక్కడ సైన్యం వాడి వదిలేసిన జెట్‌ను స్తంభం మీద నిలబెడతారు, కాలేజీ గేటు ముందో, మ్యూజియం ఆవరణలోనో. పిల్లలు దాని కింద నిలబడి సెల్ఫీలు దిగుతుంటారు.